ఫిషింగ్ మెయిల్‌కు చిక్కాక పాస్‌వర్డ్ మార్చేస్తే సరిపోతుందా?

ఎవరి ఈమెయిల్ ఏ డేటా లీకులో బయటపడిందో వెతికి చెప్పే ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’ సైట్‌ను 2013లో మొదలుపెట్టిన వ్యక్తి ట్రాయ్ హంట్. పాస్‌వర్డ్‌ల విషయంలో ఎలా మసలుకోవాలో లోకానికి చెప్పే ఆయనే 2025 మార్చిలో ఒక ఫిషింగ్ మెయిల్‌కు, అంటే తెలిసిన సంస్థ పేరుతో వచ్చి వివరాలు లాగే నకిలీ మెయిల్‌కు, చిక్కారు. ప్రయాణ బడలిక మీద ఉన్నప్పుడు, న్యూస్‌లెటర్లు పంపే మెయిల్‌చింప్ సంస్థ నుంచి వచ్చినట్టున్న మెయిల్‌లో లింకు నొక్కి, పాస్‌వర్డ్ కొట్టి, ఆపైన ఓటీపీ కూడా ఇచ్చేశారు. పేజీ కదలకపోయేసరికి విషయం అర్థమై వెంటనే అసలు సైట్‌కు వెళ్లి పాస్‌వర్డ్ మార్చారు. ఆలస్యం చేశారని ఎవరూ అనలేరు. అయినా అప్పటికే ఆయన న్యూస్‌లెటర్ జాబితా, దాదాపు 16 వేల మంది వివరాలు, దొంగల చేతికి వెళ్లిపోయింది.

పోయిన జాబితా కంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఆ కొద్ది సమయంలోనే దొంగలు ఆయన ఖాతాలో ఒక ఏపీఐ కీ సృష్టించుకున్నారు. పాస్‌వర్డ్ అడగకుండానే ఒక ప్రోగ్రాము ఖాతాను వాడుకునేందుకు ఇచ్చే అనుమతి అది. ఆయన దాన్ని వెతికి పట్టుకుని తొలగించారు కాబట్టి సరిపోయింది. ఆ పని తట్టని మామూలు మనిషైతే పాస్‌వర్డ్ మార్చేసి, గండం గడిచిందనుకుని నిద్రపోయేవాడు.

మోసపోయామని తెలిశాక చాలామంది చేసేది ఆ ఒక్క పనే. పాస్‌వర్డ్ మార్చాల్సిందే, అందులో సందేహం లేదు. కాకపోతే దొంగలకు పాస్‌వర్డ్ అవసరం చాలాసార్లు మొదటి కొన్ని నిమిషాలకే పరిమితం. ఆ నిమిషాల్లో లోపలికి వెళ్లి, మళ్లీ పాస్‌వర్డ్‌తో పని పడకుండా ఏర్పాట్లు చేసుకుంటారు. కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు రెండు: వాళ్ల చేతికి ఏం వెళ్లింది? వాళ్లు లోపల ఏం వదిలి వెళ్లారు?

మొదటి ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోవడం అనుకున్నంత సులువు కాదు. ‘ఊరికే లింకు నొక్కానంతే’ అనుకునేవాళ్లు కూడా కాస్త గుర్తు చేసుకుంటే, ఆ పేజీలో పేరూ ఫోన్ నంబరూ నింపిన సంగతి బయటికి వస్తుంది. అమెరికా టెలికాం సంస్థ వెరైజన్ 2024 నివేదిక లెక్క ప్రకారం ఫిషింగ్ మెయిల్ తెరిచినవాళ్లు లింకు నొక్కడానికి తీసుకునే మధ్యస్థ సమయం 21 సెకన్లు, వివరాలు నింపడానికి మరో 28 సెకన్లు. నిమిషం కూడా పట్టని ఆ హడావిడిలో ఏమేం ఇచ్చామో మెదడు సరిగా నమోదు చేసుకోదు. అందుకే బ్రౌజర్ హిస్టరీ తెరిచి ఏ పేజీలకు వెళ్లామో చూసుకోవడం, గుర్తున్నదంతా సమయంతో సహా కాగితం మీద రాసుకోవడం మంచిది. తర్వాత బ్యాంకుతో, పోలీసులతో మాట్లాడేటప్పుడు ఆ కాగితమే ఆధారం అవుతుంది.

మెయిల్‌కు ‘ఎవరు మీరు?’ అనో, ‘వివరాలు పంపండి’ అనో జవాబు మాత్రమే ఇచ్చి ఉంటే టెన్షన్ పడాల్సినంత నష్టం లేదు. ఆ చిరునామా వెనక జవాబిచ్చే మనిషి ఉన్నాడని వాళ్లకు తెలిసింది. మెయిల్ చివర దానంతటదే చేరే సంతకంలో హోదా, ఫోన్ నంబరు, ఆఫీసు పేరు ఉంటే అవీ తెలిశాయి. ఇకపై ఫిషింగ్ మెయిళ్లు పెరుగుతాయి, బహుశా ఫోన్లు కూడా వస్తాయి. ఈసారి పేరు పెట్టి పిలుస్తారు కనుక మరింత నమ్మకంగా ఉంటాయి. ఇక్కడ చేయాల్సింది తక్కువ, చేయకూడనిది ఒకటుంది: మళ్లీ జవాబివ్వకూడదు. ‘మీ మోసం నాకు తెలిసిపోయింది’ అని తిట్టి పంపడం కొందరికి తృప్తినిస్తుంది గానీ, అవతలివాళ్లకు అది ఇంకో సంభాషణ, ఇంకాస్త సమాచారం మాత్రమే.

లింకు నొక్కి, ఏమీ నింపకుండా పేజీ మూసేసిన సందర్భమూ ఇలాంటిదే. బ్రౌజర్, ఫోన్ తాజా అప్‌డేట్లతో ఉంటే కేవలం పేజీ తెరవడం వల్ల ఏదో లోపలికి చొరబడే అవకాశం తక్కువ, సున్నా మాత్రం కాదు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో కొత్త ఫైలేదైనా పడిందేమో చూడాలి, పడితే తెరవకూడదు. పెండింగ్‌లో ఉన్న అప్‌డేట్లు పూర్తి చేసి, ఒకసారి యాంటీవైరస్ స్కాన్ నడిపితే చాలు.

అసలు చిక్కు పాస్‌వర్డ్ ఇచ్చినప్పుడు మొదలవుతుంది. అది ఏ ఖాతాదైనా ముందు చూసుకోవాల్సింది ఈమెయిల్‌నే. బ్యాంకు, షాపింగ్, సోషల్ మీడియా ఖాతాలు చాలావరకు ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా’ అంటే ఆ ఈమెయిల్‌కే లింకు పంపుతాయి. అది చేజారితే మిగతావన్నీ ఒకటొకటిగా జారిపోతాయి. పోయిన పాస్‌వర్డ్‌నే ఇంకెక్కడైనా వాడి ఉంటే అక్కడా మార్చాలి. చివర ఒక అంకె తేడాతో వాడినా అదే లెక్క. దొరికిన ఈమెయిల్, పాస్‌వర్డ్ జంటను వందల సైట్లలో ప్రయత్నించి చూడటం ప్రోగ్రాములు చేసే పని, దానికి మనిషి కూర్చోనక్కర్లేదు.

మార్చేటప్పుడు ఆ మెయిల్‌లోని లింకును గానీ, దాని తర్వాత వచ్చే ‘మీ ఖాతా ప్రమాదంలో ఉంది’ మెయిళ్లలోని లింకును గానీ వాడకూడదు. చిరునామా మన చేత్తో టైపు చేయాలి, లేదా యాప్ తెరిచి అందులోంచి వెళ్లాలి. ఈ చిన్న తేడా ఎంత ఖరీదైనదో 2016లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో తెలిసింది. హిల్లరీ క్లింటన్ ప్రచార సారథి జాన్ పొడెస్టాకు, ఆయన పాస్‌వర్డ్ ఎవరికో తెలిసిపోయిందని, వెంటనే మార్చుకోమని గూగుల్ పేరుతో మెయిల్ వచ్చింది. సిబ్బందిలో కంప్యూటర్ వ్యవహారాలు చూసే వ్యక్తిని అడిగితే, అది నిజమైన మెయిలేనని పొరపాటుగా జవాబిచ్చినా, పాస్‌వర్డ్ మార్చడానికి గూగుల్ అసలు లింకును విడిగా పంపాడు. పొడెస్టా వైపు వాళ్లు నొక్కింది మాత్రం మొదటి మెయిల్‌లోని లింకునే. ఆ అక్టోబర్‌లో పొడెస్టా మెయిళ్లు వేలాదిగా, రహస్య పత్రాలను బయటపెట్టే వికీలీక్స్ సైట్‌లో ప్రత్యక్షమయ్యాయి.

పాస్‌వర్డ్ మారాక రెండో ప్రశ్నకు రావాలి. లోపల ఏం వదిలి వెళ్లారు?

మొదట చూడాల్సింది లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితా. ఒకసారి లాగిన్ అయ్యాక సైట్ మన బ్రౌజర్‌కు కుకీ రూపంలో ఒక గుర్తింపు ఇస్తుంది. అది చెల్లినంత కాలం పాస్‌వర్డ్ మళ్లీ అడగదు. ఇప్పటి ఫిషింగ్ పేజీల్లో కొన్ని ఉత్త నకళ్లు కావు. అవి బాధితుడికీ అసలు సైట్‌కూ మధ్య కూర్చుని, ఇటు కొట్టిన పాస్‌వర్డ్‌నూ ఓటీపీనీ అదే క్షణంలో అటు అందిస్తాయి. లాగిన్ నిజంగానే అవుతుంది, దాంతో వచ్చిన కుకీ మాత్రం దొంగ దగ్గర ఉండిపోతుంది. పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ కూడా అడిగే రెండంచెల భద్రత పెట్టుకున్నవాళ్లు కూడా మోసపోయేది ఇందుకే. పాస్‌వర్డ్ మారిస్తే కొన్ని సర్వీసులు పాత లాగిన్లన్నీ తామే రద్దు చేస్తాయి, కొన్ని చేయవు. ఏది చేస్తుందో ఆలోచిస్తూ కూర్చోవడం కంటే ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ అనే ఆప్షన్‌ను మనమే నొక్కడం మేలు.

తర్వాత మెయిల్ సెట్టింగ్స్. ఫార్వర్డింగ్ అనే చోట తెలియని చిరునామా ఉంటే, వచ్చే ప్రతి మెయిల్ నకలు అక్కడికి పోతున్నట్టే. ఫిల్టర్లు లేదా రూల్స్ అనే చోట ఇంకా తెలివైన ఏర్పాట్లు కనిపిస్తాయి: ‘బ్యాంక్’, ‘ఇన్‌వాయిస్’, ‘సెక్యూరిటీ’ లాంటి మాటలున్న మెయిళ్లను ఇన్‌బాక్స్‌లో కనబడనీయకుండా ఎవరూ తెరవని ఫోల్డర్‌లోకి నెట్టేసే నియమాలు. కంటికి ఆనకుండా వాటికి పేరు బదులు ఒక చుక్క మాత్రమే పెట్టడం వీళ్లకు అలవాటు. ఆఫీసు మెయిళ్ల మీద ఈ పద్ధతి బాగా నడుస్తుంది. దొంగ తొందరపడడు. పెద్ద బిల్లు ఒకటి వచ్చే దాకా వారాల తరబడి మెయిళ్లు చదువుతూ ఉండి, సరిగ్గా అప్పుడు ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఈ కొత్త నంబరుకు పంపండి’ అని అదే సంభాషణలో దూరుతాడు.

రికవరీ ఫోన్ నంబరు, రికవరీ ఈమెయిల్ మనవేనా అన్నది మూడోది. అక్కడ వాళ్ల నంబరు చేరి ఉంటే, రేపు వాళ్లే ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అని తిరిగి రాగలరు. రెండంచెల భద్రతలో కొత్త ఫోన్ గానీ, ఓటీపీలు పుట్టించే కొత్త ఆథెంటికేటర్ యాప్ గానీ జతపడిందేమో చూడాలి. ఫోన్ అందుబాటులో లేనప్పుడు వాడే పాత బ్యాకప్ కోడ్‌లు రద్దు చేసి కొత్తవి తీసుకోవాలి. కొన్ని యాప్‌ల కోసం విడిగా సృష్టించే ‘యాప్ పాస్‌వర్డ్‌లు’ ఉంటే అవీ తీసేయాలి.

ఎక్కువమంది మర్చిపోయేది ఖాతాకు జతపడిన బయటి యాప్‌ల సంగతి. 2017 మే నెలలో లక్షల మందికి ‘మీతో ఒక గూగుల్ డాక్ పంచుకున్నారు’ అని తెలిసినవాళ్ల నుంచే మెయిల్ వచ్చింది. లింకు నొక్కితే తెరుచుకున్నది గూగుల్ వారి అసలు పేజీయే. కాకపోతే అక్కడ మెయిళ్లు చదవడానికి, పంపడానికి, కాంటాక్టులు చూడడానికి అనుమతి అడుగుతున్నది ‘గూగుల్ డాక్స్’ అని పేరు పెట్టుకున్న ఎవరిదో యాప్. అనుమతి ఇచ్చిన ప్రతి ఖాతా నుంచి మళ్లీ అందరికీ అదే మెయిల్ వెళ్లింది. గూగుల్ దాదాపు గంటలో దాన్ని ఆపేసింది, ప్రభావం పడింది జీమెయిల్ వాడేవాళ్లలో 0.1 శాతం కంటే తక్కువ మంది మీదేనని చెప్పింది. ఇందులో పాస్‌వర్డ్ ఎవరికీ చేరలేదు. అనుమతి రద్దు చేయడమే దానికి మందు. ఖాతా సెట్టింగ్స్‌లో ‘థర్డ్ పార్టీ యాప్స్’ జాబితా తెరిచి, గుర్తుపట్టలేని ప్రతిదాన్నీ తీసేయాలి. పొరపాటున పనికొచ్చేదాన్ని తీసేసినా నష్టం లేదు, మళ్లీ అనుమతి అడుగుతుంది.

ఇదంతా అయ్యాక, పాస్‌వర్డ్ బదులు మన ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండే డిజిటల్ తాళంచెవి, అంటే పాస్‌కీ, సదుపాయం ఉన్న చోట దానికి మారిపోవడం తెలివైన పని. పాస్‌కీ ఏ సైట్ కోసం చేసిందో ఆ చిరునామాలోనే పనిచేస్తుంది. నకిలీ పేజీ ఎంత అచ్చుగుద్దినట్టున్నా, దాని చిరునామా వేరు కాబట్టి అక్కడ ఇవ్వడానికి ఏమీ ఉండదు. ఓటీపీకి ఆ గుణం లేదు. దాన్ని ఎవరు అడిగినా చదివి చెప్పేయొచ్చు.

అటాచ్‌మెంట్ తెరిచినా, ‘ఈ యాప్ వేసుకోండి’ అంటే వేసుకున్నా పద్ధతి మారుతుంది. ఇక్కడ మొదటి పని నెట్ ఆపేయడం: వైఫై, మొబైల్ డేటా రెండూ. పాస్‌వర్డ్‌లను ఆ పరికరంలో మార్చకూడదు, ఇంకో ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మార్చాలి. లోపల కీబోర్డు మీద కన్నేసిన ప్రోగ్రాము ఉంటే కొత్త పాస్‌వర్డ్ కూడా వాళ్లకు మనమే చెప్పినట్టవుతుంది. ఇన్ఫోస్టీలర్ అనే రకం మాల్‌వేర్ (హానికర ప్రోగ్రాము) బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లను, కుకీలను కొద్ది సేపట్లోనే మూటగట్టి పంపేస్తుంది, కొన్నిసార్లు ఆ తర్వాత తనను తాను చెరిపేసుకుంటుంది కూడా. అందుకే స్కాన్‌లో ఏమీ దొరకలేదంటే ఏమీ జరగలేదని అర్థం కాదు. ఆ బ్రౌజర్‌లో సేవ్ చేసిన ప్రతి పాస్‌వర్డ్ పోయిందనే లెక్క వేసుకోవాలి. ఫైళ్లు విడిగా కాపీ చేసుకుని, మొత్తం చెరిపేసి సిస్టమ్‌ను కొత్తగా వేసుకోవడం విసుగు పుట్టించే పనే, కానీ ఆ తర్వాత అనుమానం మిగలదు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి వాటితో ఎవరికైనా స్క్రీన్ అప్పగించి ఉంటే కూడా ఇదే వర్తిస్తుంది. అవి మంచి సాఫ్ట్‌వేర్లే కనుక యాంటీవైరస్ చాలాసార్లు వాటిని పట్టుకోదు.

ఇక డబ్బు. కార్డు నంబరు ఇచ్చి ఉంటే, పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి ముందు బ్యాంకు యాప్‌లోనే కార్డు బ్లాక్ చేయాలి, తర్వాతే ఫోన్. ఫోన్ నంబరు కార్డు వెనక ఉన్నదో, బ్యాంకు యాప్‌లో ఉన్నదో వాడాలి. సెర్చ్‌లో వెతికితే పైకి తేలే ‘కస్టమర్ కేర్’ నంబర్లలో మరో మోసగాడు ఎత్తడానికి సిద్ధంగా ఉండొచ్చు. కార్డుతో పాటు ఓటీపీ కూడా ఇచ్చి ఉంటే బ్యాంకును ప్రత్యేకంగా అడగాల్సిన మాట ఒకటుంది: ‘నా కార్డు ఏ ఫోన్ వాలెట్‌లోనైనా కొత్తగా చేరిందా?’ ఆ ఓటీపీ కొనుగోలుకు కాక, కార్డును దొంగ ఫోన్‌లోని వాలెట్‌లో చేర్చుకోవడానికి వాడి ఉండొచ్చు. అలా అయితే వెంటనే డబ్బు పోదు, కొన్నాళ్లకు ఎక్కడో దుకాణంలో ఫోన్ ఆనించి చెల్లించినట్టు మెసేజ్ వస్తుంది. ఓటీపీ మెసేజ్‌ను పూర్తిగా చదివితే అది దేనికోసం వచ్చిందో చాలాసార్లు అందులోనే రాసి ఉంటుంది.

మనమే డబ్బు పంపేసి ఉంటే సమయమే సర్వస్వం. డబ్బు మొదట చేరేది అద్దెకు తీసుకున్న ఎవరిదో ఖాతాకు. అక్కడి నుంచి గంటల్లోనే మరికొన్ని ఖాతాలకు చీలిపోతుంది, తర్వాత నగదుగానో క్రిప్టోగానో మారుతుంది. మొదటి ఖాతాలో ఉండగానే స్తంభింపజేయగలిగితే తిరిగి వచ్చే ఆశ ఉంటుంది. 2015 ఏప్రిల్ 30న బొమ్మల కంపెనీ మాటెల్‌లో ఒక అధికారి, కొత్త సీఈఓ పేరుతో వచ్చిన మెయిల్ నమ్మి 30 లక్షల డాలర్లకు పైగా చైనాలోని ఒక బ్యాంకుకు పంపారు. మర్నాడు మే డే, అక్కడ బ్యాంకులకు సెలవు. ఆ ఒక్క రోజు వ్యవధి దొరికింది కాబట్టి ఖాతాను స్తంభింపజేయించి మొత్తం డబ్బు వెనక్కి తెచ్చుకున్నారు. అదే ఏడాది ఇదే తరహా మోసంలో 4.67 కోట్ల డాలర్లు పోగొట్టుకున్న యుబిక్విటీ నెట్‌వర్క్స్ సంస్థ, విషయాన్ని బయటపెట్టే నాటికి రాబట్టగలిగింది 81 లక్షల డాలర్లే. మాటెల్‌లా బ్యాంకు సెలవు కలిసొచ్చే అదృష్టం అందరికీ ఉండదు. బదిలీలు క్షణాల్లో జరిగే కాలంలో అసలే ఉండదు. అందుకే ‘రేపు పొద్దున బ్రాంచికి వెళ్లి అడుగుదాం’ అనుకోకూడదు. ఫోన్‌లో ‘మోసం జరిగింది, బదిలీని వెనక్కి పిలవండి, అవతలి బ్యాంకుకు తెలపండి’ అని స్పష్టంగా చెప్పి, ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. పోలీసుల సైబర్ విభాగానికి కూడా అదే రోజు ఫిర్యాదు అందాలి. గిఫ్ట్ కార్డు కోడ్‌లు చెప్పి ఉంటే కార్డు జారీ చేసిన కంపెనీకి రసీదుతో సహా చెప్పాలి, వాడకముందే అయితే ఆపగలరు. క్రిప్టోలో పంపినదాన్ని వెనక్కి పిలిచే బ్యాంకు అంటూ ఉండదు.

బ్యాంకుతో మాట్లాడేటప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పడం మంచిది. మనకు తెలియకుండా జరిగిన లావాదేవీకీ, మోసపోయి మన చేత్తో చేసినదానికీ నిబంధనలు వేరుగా ఉంటాయి నిజమే. అందుకని ‘ఓటీపీ నేనివ్వలేదు’ అని కథ అల్లితే, రికార్డుల్లో వేరేగా తేలినప్పుడు మిగతా ఫిర్యాదు మీద కూడా నమ్మకం పోతుంది.

గుర్తింపు కార్డు, పాస్‌పోర్ట్ కాపీలు పంపేసినవాళ్ల పరిస్థితి వేరు. పాస్‌వర్డ్ లాగా పుట్టినరోజును మార్చుకోలేం. ఆ కాపీలతో ఎవరైనా అప్పు తీసుకోవచ్చు, సిమ్ తీసుకోవచ్చు. వెంటనే ఏమీ జరగకపోవచ్చు, కాబట్టి కాపలా నెలల తరబడి ఉండాలి. క్రెడిట్ రిపోర్టు అప్పుడప్పుడూ తెప్పించుకుని చూడటం, మన పేరుతో కొత్త అప్పులు పుట్టకుండా క్రెడిట్‌ను ఫ్రీజ్ చేసే సదుపాయం ఉన్న దేశంలో అది వాడుకోవడం ఇందులో భాగం. ఫోన్‌కు ఉన్నట్టుండి సిగ్నల్ పోయి తిరిగి రాకపోతే, నెట్‌వర్క్ లోపమని ఊరుకోకుండా మొబైల్ కంపెనీని అడగాలి. ఆ నంబరుతో ఇంకో సిమ్ ఎవరైనా తీసుకున్నారేమో తెలుస్తుంది.

కోపంతోనో సిగ్గుతోనో ఆ మెయిల్‌ను డిలీట్ చేసేయడం మామూలుగా జరిగే పొరపాటు. అది సాక్ష్యం. మెయిల్ ఏ సర్వర్ల మీదుగా వచ్చిందో చెప్పే హెడర్ అందులోనే ఉంటుంది. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే ఆ హెడర్ పోతుంది, అటాచ్‌మెంట్‌గా జతచేసి పంపితే నిలుస్తుంది. స్క్రీన్‌షాట్లు, లింకు చిరునామా, లావాదేవీ నంబర్లు కూడా దాచుకోవాలి. తర్వాత మెయిల్ సర్వీసులోనే ఉండే ‘రిపోర్ట్ ఫిషింగ్’ నొక్కాలి. ఎవరి పేరు వాడుకుని మోసం చేశారో ఆ సంస్థకూ తెలపాలి, నకిలీ పేజీని దించేయించడంలో వాళ్లకే ఎక్కువ ఆసక్తి ఉంటుంది.

అది ఆఫీసు మెయిల్ అయితే పైవన్నీ సొంతంగా చేయబోకుండా ముందు ఐటీ విభాగానికి చెప్పాలి. ఒక ఉద్యోగి మెయిల్‌బాక్స్ దొరికితే అక్కడి నుంచి సహోద్యోగులకు, ఖాతాదారులకు వెళ్లే మెయిళ్లు నకిలీ చిరునామా నుంచి రావు, అసలు చిరునామా నుంచే వస్తాయి, ఎవరూ అనుమానించరు. అదే మెయిల్ ఇంకెంతమందికి వచ్చిందో, ఎవరెవరు నొక్కారో ఐటీ వాళ్లు చూడగలరు, నొక్కినవాడు చూడలేడు. ఇక్కడ ఆలస్యానికి చాలావరకు కారణం భయమే. ఫిషింగ్‌కు చిక్కినవాళ్లను అందరి ముందూ నిలబెట్టే కంపెనీలు ఒక సంగతి గమనించవు: అలా చేసిన ప్రతిసారీ, తర్వాతివాడు నోరు విప్పడానికి ఇంకాస్త ఎక్కువ సమయం తీసుకుంటాడు. హంట్ తాను మోసపోయిన తీరునంతా ఆ రోజే బహిరంగంగా రాసి, పోయిన జాబితాను తన సైట్‌లోనే నమోదు చేశారు. దానివల్ల ఆయన పరువేమీ పోలేదు.

పరిచయస్తులకు చెప్పడానికి మాత్రం ఆ ఖాతానే వాడితే ప్రయోజనం తక్కువ. ‘నా మెయిల్ హ్యాకైంది, ఈ లింకు చూడండి’ అని దొంగలు కూడా రాయగలరు. ఫోన్ చేయడమో, ఇంకో యాప్‌లో మెసేజ్ పెట్టడమో మేలు. పెద్దవాళ్లకైతే ఫోనే. ‘నా పేరుతో ఎవరు డబ్బు అడిగినా ముందు నాకు ఫోన్ చెయ్యండి’ అన్న ఒక్క మాట చాలు.

ఇవన్నీ ముగిశాక కొన్ని రోజులకో, నెలలకో మరో మెయిల్ వస్తుంది. ఈసారి రాసేది లాయరు, లేదా ‘సైబర్ రికవరీ నిపుణుడు’, లేదా ఏదో అంతర్జాతీయ పోలీసు సంస్థ అధికారి. పోయిన మొత్తం ఎంతో, ఏ తేదీన పోయిందో అతనికి తెలుసు, అది చూడగానే నమ్మాలనిపిస్తుంది. తెలియడానికి కారణం చాలాసార్లు ఒకటే: దోచుకున్నవాళ్లే మళ్లీ వచ్చారు, లేదా బాధితుల జాబితాను ఇంకొకరికి అమ్మారు. డబ్బు దొరికిందంటాడు, విడిపించడానికి ముందుగా పన్నో, ఫీజో, ‘వెరిఫికేషన్’ కోసం కొంత మొత్తమో అడుగుతాడు. నిజమైన దర్యాప్తు సంస్థ ఏదీ పోయిన సొమ్ము తిరిగి ఇవ్వడానికి ముందుగా డబ్బు అడగదు. ఆ మెయిల్‌నూ పాత ఫిర్యాదు నంబరుకే జతచేసి పంపాలి, జవాబు మాత్రం ఇవ్వకూడదు.